విరాళాలూ, ప్రజారక్షణా

ప్రజల ధనమానప్రాణాలకు రక్షణ కల్పించడం ప్రభుత్వం పని. ఆ పనిలోకి ధనికుల ధర్మనిధులు ఎందుకు వచ్చాయి, వచ్చి ఏం సాధించాయి? ఈ ప్రశ్నకు అమెరికా చరిత్ర కొంత జవాబు చెబుతుంది.

1967లో న్యూఆర్క్, డెట్రాయిట్ నగరాల్లో నల్లజాతి పేటలు భగ్గుమన్నాయి. రెండుచోట్లా పోలీసుల చర్యే నిప్పురవ్వ. 1970లో ఫోర్డ్ ఫౌండేషన్ 3 కోట్ల డాలర్లు కేటాయించి, పోలీస్ ఫౌండేషన్ అనే సంస్థను నెలకొల్పింది. పేటల్లో పని ఎందుకు లేదని ఆ సంస్థ అడగలేదు. పోలీసులు తమ పని మెరుగ్గా చేయడమెలా అని అడిగింది. అడిగిన మేరకు నిజాయితీగానే అడిగిందని ఒప్పుకోవాలి. 1972-73లో కాన్సాస్ సిటీలో 15 గస్తీ ప్రాంతాలను ఎంచి, అయిదింట మామూలు గస్తీ మానిపించారు. ఎవరైనా పిలిస్తేనే కారు వెళ్లాలి. మరో అయిదింట గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. తక్కినవాటిని యథాతథంగా ఉంచారు. నేరాల్లోగాని, జనం భయంలోగాని చెప్పుకోదగిన తేడా కనిపించలేదు! అంతమాత్రాన గస్తీ కార్లు రోడ్లమీంచి తొలగిపోలేదనుకోండి.

తరవాత అదే సంస్థ న్యూఆర్క్‌లో కాలినడక గస్తీని పరీక్షించింది. నేరాలు తగ్గలేదు, జనానికి ధైర్యం మాత్రం కలిగింది. ఈ రెండు పరిశోధనల్లోనూ పాల్గొన్న జార్జ్ కెల్లింగ్, జేమ్స్ విల్సన్‌తో కలిసి 1982లో రాసిన ‘పగిలిన కిటికీలు’ వ్యాసం ఈ న్యూఆర్క్ అనుభవంతోనే మొదలవుతుంది. 1990లలో న్యూయార్క్ పోలీసులు ఆ వాదాన్ని ఆసరా చేసుకుని, చిల్లర తప్పులకు పేదవాళ్లను వేల సంఖ్యలో అరెస్టు చేశారు. జనం ధైర్యం కోసం మొదలైన గస్తీ చివరికి వారి మీదికే వచ్చింది.

ఐతే విరాళమన్న ప్రతిదాన్నీ ఒకే గాట కట్టరాదు. అంతకు ముందే, 1961లో, లూయీ ష్వైట్సర్ అనే పారిశ్రామికుడు తల్లి వేరా పేర ఒక సంస్థ పెట్టాడు. జామీను సొమ్ము కట్టలేక బ్రూక్లిన్ జైల్లో నెలల తరబడి మగ్గుతున్న కుర్రవాళ్లు అతన్ని కదిలించారు. మన్‌హాటన్‌లో లా విద్యార్థులు ఖైదీల దగ్గరికి వెళ్లి, పని ఉందా, ఊళ్లో చుట్టాలున్నారా, ఎన్నాళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నారు అని అడిగారు. అలాంటి కట్టుబాట్లున్నవాళ్లను సొమ్ము లేకుండా, సొంత పూచీ మీద విడవమని జడ్జీలకు సిఫారసు చేశారు. విడుదలైనవారిలో దాదాపు అందరూ వాయిదాకు తిరిగివచ్చారు. 1966లో ఫెడరల్ జామీను చట్టమే మారింది. ఇక్కడ ప్రశ్న ఖైదీ గదిలో పుట్టింది. తేడా అంతా అక్కడుంది.

1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, బీహారు విచారణ ఖైదీల గురించి తీర్పు చెబుతూ జస్టిస్ భగవతి ఈ మన్‌హాటన్ ప్రయోగాన్నే ఉదహరించారు. ఆ ఖైదీల్లో కొందరు, నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువ కాలం అప్పటికే జైల్లో గడిపేశారు.