అమరావతి స్తూపం లెక్కలు ఎవరు చూశారు?

ఏదో ఒక ఫౌండేషన్‌లో ఇంటర్నల్ ఆడిటర్‌గా కొత్తగా చేరుతున్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా వాళ్ల కోసం. కంపెనీలో డబ్బు పోతే వాటాదారుడు వచ్చి అడుగుతాడు. మరి ట్రస్ట్‌లో? చందా ఇచ్చినాయన దండం పెట్టి వెళ్లిపోతాడు. ఆ రూపాయి ఎటు పోయిందని అడిగేదెవరు? ఈ ప్రశ్న మన కృష్ణ ఒడ్డున, ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతిలో, రెండు వేల ఏళ్ల కిందటే ఉంది.

అమరావతి మహాచైత్యాన్ని ఒక్క రాజుగారు కట్టించేసి పేరు రాయించుకోలేదు. రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో దాతల పేర్లున్నాయి. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని ఇచ్చాడు. సుగంధద్రవ్యాల వ్యాపారి ఇచ్చాడు, భిక్షుణులు ఇచ్చారు, గృహిణులు ఇచ్చారు. ఎవరు, ఎవరి బిడ్డ, ఏ వస్తువు ఇచ్చారు, అన్నీ రాతి మీదే ఉన్నాయి. నా లెక్కలో అది చెరపడానికి వీల్లేని రసీదు పుస్తకం.

వాటిలోనే ఒక ఉద్యోగం పేరు కనిపిస్తుంది: నవకమ్మికుడు. సంస్కృతంలో నవకర్మికుడు. కొత్త కట్టడాల పని చూసే భిక్షువు అన్నమాట. రాజగిరిలో ఉండే బుద్ధరక్షిత థేరుడు అలాంటివాడే. ఆయన శిష్యురాలి పేరు కూడా బుద్ధరక్షితే. ఆవిడ కూతురితో కలిసి ఒక రాతిపలక దానం చేస్తూ, మా గురువుగారు నవకమ్మికుడు అని చెప్పి మరీ రాయించింది. అంటే ఆ పదవికి అంత గౌరవం ఉండేది.

అసలు ఈ పోస్ట్ ఎందుకొచ్చింది? వినయ పిటకంలోని చుల్లవగ్గలో ఒక కథ ఉంది. వైశాలిలో ఒక పేద దర్జీ భిక్షువుల కోసం సొంత చేతులతో విహారం కడదామనుకున్నాడు. మట్టి తొక్కి, ఇటుకలు పేర్చి గోడ లేపాడు. పని తెలీదు కదా, వంకరగా వచ్చి కూలిపోయింది. మళ్లీ కట్టాడు, మళ్లీ కూలింది. మూడోసారీ అంతే. ఆయనకి కడుపు మండింది. డబ్బున్నవాళ్ల విహారాలైతే దగ్గరుండి చూసుకుంటారు, నేను పేదోణ్ణని నాకు చెప్పేవాడే లేడా అని అందరిలో అన్నాడు. ఆ మాట బుద్ధుడి దాకా వెళ్లింది. అప్పుడు సంఘం అంతా కూడి, పేరు ప్రకటించి, పద్ధతిగా ఒక భిక్షువుకి ఆ బాధ్యత అప్పగించాలని నియమం పెట్టారు.

నియమం వచ్చాక ఏమైందో ఊహించండి. దుర్వినియోగం మొదలైంది! గోడకి కాస్త మట్టి పూసినా చాలు, నవకమ్మం ఇచ్చేయడం. ఇరవై ఏళ్లకి, ముప్ఫై ఏళ్లకి, ఒక్కోసారి జీవితాంతానికి ఇచ్చేయడం. దాంతో మళ్లీ కట్టడి చేశారు. చిన్న విహారానికి 5, 6 ఏళ్లు, పెద్దదానికి 10, 12 ఏళ్లు మాత్రమే. ఒకే మనిషికి రెండు అప్పగించకూడదు. ఇప్పుడు ట్రస్ట్ బోర్డుల్లో పదవీకాలం గురించి మాట్లాడతారే, అదే ఇది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నవకమ్మికుడు నేటి ఆడిటర్ కాదు. పని చేయించేవాడూ ఆయనే, చూసుకునేవాడూ ఆయనే. ఇవాళ ఆ రెండూ ఒక్కరి చేతిలో ఉంటే ఆడిటర్ మొదటి రోజే ఎర్ర గీత గీస్తాడు. ఆ ఇబ్బందికి మనవాళ్ల దగ్గరే ఒక జవాబు కనిపిస్తుంది. కృష్ణకి ఎగువన నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, బోధిసిరి అనే ఉపాసిక చేయించిన పనికి ముగ్గురు నవకమ్మికులు: చందముఖ, ధమ్మనంది, నాగ థేరులు. రాయి చెక్కిన విధికుడి పేరు కూడా శాసనంలోనే ఉంది. ఇవాళ చెక్కు మీద రెండు సంతకాలు అడుగుతాం కదా, అక్కడ మూడు పేర్లు!

ప్రభుత్వ ఖజానా సంగతి వేరు, అక్కడ అనుమానం ఎక్కువ. కౌటిల్యుడి అర్థశాస్త్రం డబ్బు కాజేసే పద్ధతులు నలభై లెక్కపెట్టింది. ఆషాఢంలో అధికారులు సీలు వేసిన లెక్కల పుస్తకాలతో రాజధానికి వస్తే, ఒకళ్లతో ఒకళ్లని మాట్లాడుకోనివ్వకూడదట. లెక్కలు కలిపేసుకుంటారని!

సరే, అంత జాగ్రత్తగా రాసుకున్న అమరావతి ఆస్తి ఏమైంది? పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తుంటే, దిబ్బలోంచి ఇటుకలు, రాళ్లు తవ్వుకుపోయారు. కొన్ని రాళ్లు కాల్చి సున్నం చేసేశారు. 1797లో కల్నల్ మెకంజీ చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, తన మనుషులతో రాయి రాయికీ బొమ్మ గీయించాడు. ఫ్రెండ్స్, అదే మనకి మిగిలిన స్టాక్ రిజిస్టర్.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, చాన్నాళ్లు ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడ కూడా పట్టించుకున్నవాడు లేడు. కొన్నేళ్లకి జేమ్స్ ఫెర్గుసన్ అనే పండితుడు వెతుక్కుంటూ వెళ్తే, ఫైఫ్ హౌస్ అనే భవనం గుర్రపుశాలల్లో దొరికాయి. 1880 ప్రాంతంలో గానీ బ్రిటిష్ మ్యూజియంకి చేరలేదు.

మెకంజీ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రాళ్లేమో చెన్నై, లండన్, అమరావతి మ్యూజియంల మధ్య పంచుకుపోయాయి. పరిశోధకులు ఆ బొమ్మలు ముందు పెట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే, బొమ్మ ఉండి రాయి లేనివి చాలా తేలాయి.