తిలంగాల వేషము

1857 మే 11వ తేదీన మీరట్ నుండి యమున దాటి ఢిల్లీలో ప్రవేశించిన సిపాయీలను ఆ నగరవాసులు ‘తిలంగాలు’ అని పిలిచిరి. ఆనాటి ఉర్దూ పత్రికలలోను, బహదూర్ షా సన్నిధికి అంగడివారు, గృహస్థులు పంపుకొన్న అర్జీలలోను ఈ మాట మాటిమాటికి కనబడును. తిలంగాలు అంగడి దోచిరనియు, తిలంగాలు ఇంట దిగి కదలకున్నారనియు మొఱలు. ఆ కాగితములు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమున భద్రముగా నున్నవి. తిలంగా యనగా తెలింగదేశీయుడు. కాని ఆ సిపాయీలలో హెచ్చుమంది అయోధ్య, బీహారు ప్రాంతములవారు. తెలుగుమాట యొక్కటియు నెఱుగనివారు.

ఢిల్లీలోని రామకృష్ణపురము ప్రభుత్వోద్యోగుల నివాసముగా వెలసిన పేట. అచ్చటి వెస్ట్ బ్లాకులోనే రక్షణ మంత్రిత్వశాఖవారి చరిత్ర విభాగము పనిచేసినది. కొలువులకై వచ్చి ఆ పరిసరముల కాపురమున్న తెలుగువారికి ఈ ‘తిలంగా’ శబ్దము చెవినిబడినపుడు, ఇది మన పేరేనా యను సందేహము కలుగుట సహజము. పేరు మనదే, మనుష్యులు మాత్రము మనవారు కారు. ఈ చిక్కు విప్పుటకు వంశావళులు పనికిరావు. బట్టను, తోలును పరిశీలింపవలెను.

1756 చివర క్లైవు మద్రాసునుండి ఓడలపై సిపాయీలను వంగదేశమునకు గొనిపోయెను. వంగీయుల దృష్టిలో ఆ దక్షిణతీరమంతయు తెలింగదేశమే. వచ్చినవారిలో తెలుగువారెందరు, అరవవారెందరు అని వారు లెక్కింపలేదు. మరుసటి సంవత్సరము క్లైవు అచ్చటనే క్రొత్త పటాలము నొకదానిని గూర్చి దానికి ఎఱ్ఱకోటు తొడిగించెను. జనులు దానిని ‘లాల్ పల్టన్’ అనిరి. పేరు పాతవారిది, కోటు క్రొత్తవారిది, రెండును ఒకటైపోయినవి. అది మొదలు ఉత్తరదేశమున ఐరోపా పద్ధతిని కవాతు నేర్చి కోటు తొడిగినవాడెల్లను తిలంగాయే. నేపాళమునందు సైతము సైనికునకు ఈ పేరు చెల్లినది. హిమాలయపు లోయలలో బుట్టి గోదావరి పేరైన వినని వాడు తెలింగుడగుట భాషాచరిత్రలోని వింతలలో నొకటి.

అంతకంటె పెద్ద వింత మన గడ్డమీదనే జరిగినది. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి కడ ఫ్రెంచివారికిని, విజయనగర ప్రభువునకు తోడుగా బెంగాలునుండి వచ్చిన కర్నల్ ఫోర్డునకును యుద్ధము సంభవించెను. అంతకుముందు ఫ్రెంచివారు చూచిన కుంపిణీ సిపాయీలు తెల్లని దేశవాళీ దుస్తులవారు. ఫోర్డు వెంట వచ్చిన బెంగాలు సిపాయీలో, ఎఱ్ఱకోటువారు. వారి నిజమైన ఆంగ్లదళము ఎత్తైన పైరు చాటున నుండెను. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఎఱ్ఱకోటు చూచి వారే ఆంగ్లేయులని భ్రమించి తన ఐరోపా దళమునంతయు వారిపైకి నడిపెను. సిపాయీలు చెదరిరి. అంతలో పైరు చాటునుండి ఆంగ్లదళము వెలువడి ఫ్రెంచివారి ప్రక్కభాగమును తాకెను. వారి శిబిరము, ఫిరంగులు పోయెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు ఫోర్డునకు చిక్కెను. ఉత్తర సర్కారుల భవితవ్యమును మలుపు త్రిప్పిన యుద్ధమున ఒక కోటు రంగు ఇంత పని చేసినది! బెంగాలున తిలంగాలనబడిన ఆ పరదేశీయులు తెలింగనేలపై ఆంగ్లేయులుగా చెల్లుబడియగుట చూడగా చరిత్రకు హాస్యప్రియత్వము కలదనిపించును.

ఆ వేషము పూర్తిగా దొరవేషము కాదు. మీద ఎఱ్ఱ సకలాతు కోటు. క్రింద తొడలవఱకే దిగు తెల్లని జాంఘియా, దాని అంచున నీలపు రంపపుపండ్ల అల్లిక. నడుమున దట్టీ, తలను పాగా, కాళ్ళకు చెప్పులు. ఱొమ్ముపై ఒకదాని నొకటి ఖండించు రెండు తోలుపట్టెలు. ఒకటి తోటాలపెట్టెను, రెండవది బాయొనెట్టును మోయును. పట్టెలకు తెల్లమన్ను పూసి నిత్యము మెఱయించవలెను. ఈ దుస్తుల వెలలో భాగమును సిపాయీ జీతమునుండియే కోసెడివారు.

ఆ కోతను సహించినవాడు తలపైకి తోలు వచ్చినపుడు సహింపలేదు. 1805-06లో మద్రాసు సేనాధిపతి క్రాడక్ క్రొత్త తలపాగాను విధించెను. దానికి తోలుతో చేసిన తురాయి. తోడుగా నుదుటి బొట్టు, చెవిపోగులు కూడదను ఉత్తర్వు. అది ఏ జంతువు తోలో యను శంక పటాలములయందు ప్రాకెను. కాదన్నవారికి కొరడాదెబ్బలు పడినవి. 1806 జూలై 10వ తేదీ తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయీలు తిరుగబడిరి; ఆ దినమే కుంపిణీ గుఱ్ఱపుదళము వచ్చి వారిని వందలుగా చంపెను. హైదరాబాదు పటాలములలోను అలజడి పుట్టగా, అచ్చటి సేనాని మాంట్రెసర్ ఉత్తర్వులను తనంత తానే నిలిపివేసి గండము గట్టెక్కించెను. నా యభిప్రాయమున ఆ కాలపు కుంపిణీ యధికారులలో సిపాయీ తలను, తలపాగాను వేఱువేఱుగా చూడగలిగిన వివేకి యతడొక్కడే.

నేడీ వస్తువులకు ప్రతిరూపములు తయారగుచున్నవి. ఇంగ్లండు, అమెరికాలలో పాత యుద్ధములను వేషములు ధరించి మరల ఆడి చూపు సంఘములు కలవు. ఇంగ్లండున సీల్డ్ నాట్ అను సంఘము 1968లో ఏర్పడినది. అట్టివారికి ఖడ్గములను, పాతకాలపు దుస్తులను చేసి పంపు సంస్థలలో 1943లో స్థాపితమైన దెహరాదూను విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ ప్రసిద్ధము. ప్రతిరూపమున మొదట మోసము చేయునది తోలు. మన దేశమున పూర్వము తోలు తంగేడుచెక్కతో, కరక్కాయతో పదునయ్యెడిది. కోసిన అంచు గోధుమవన్నెగా నుండును. క్రోము లవణములతో పదును చేయుట 19వ శతాబ్దము చివరి మాట. దాని అంచు నీలిబూడిదవన్నె. కుట్టు సంగతియు నట్టిదే. కుట్టుయంత్రము వ్యాప్తి చెందినది 1850ల తరువాత. వేలూరు కోటు చేతికుట్టు కాక తప్పదు. కృత్రిమపు రంగులును 1856కు పిమ్మటివే.

2022 గణతంత్ర దినోత్సవమున మన సైనికదళములు కొన్ని గత దశాబ్దముల దుస్తులు ధరించి ఢిల్లీవీథిలో నడచినవి. అందు కుంపిణీ కోటు లేదు, లేకుండుటయే తగును. అయినను ప్రదర్శనశాలలో తిలంగా బొమ్మ నిలుపువారు జాంఘియాను, చెప్పులను మఱచి దొరగారి పంట్లాము, బూట్లు తొడుగరాదు. బొమ్మ క్రింది పలకపై ‘తెలుగు సైనికుడు’ అని వ్రాయుటకు ముందు అది మద్రాసు పటాలముదో, బెంగాలుదో విచారింపవలెను.