పాత బోరింగు చెప్పే లెక్క

సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అంతకుముందు మాదాపూర్ కూడా మనలాంటి ఊరే. పక్కనున్న దుర్గం చెరువు నీళ్లు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు పోయేవి.

వీధుల్లో ఉండే పాత పోత ఇనుప బోరింగు, అదే సిలిండర్ భూమి పైనే ఉండేది, నీళ్లను పైనుంచి గుంజుతది. 25 అడుగులు దాటితే దానికి అందవు. అంటే అది పనిచేసిన చోటల్లా నీళ్లు అంత పైకి ఉండేవన్నట్టు. 1970లలో యూనిసెఫ్ సాయంతో తయారైన ఇండియా మార్క్-2కు సిలిండర్ లోపల నీళ్లలోనే ఉంటది, 150 అడుగుల నుంచీ తోడుతది. ఆ తర్వాత మోటార్లు. ఇప్పుడు ఎండాకాలం ఆ ఐటీ కారిడార్‌కు ట్యాంకర్లే దిక్కు.

పాత బోరింగును కిలోల లెక్కన అమ్ముకుంటున్నరు. మ్యూజియంకు పంపినా నాకు నచ్చదు, చోటు మారితే అది ఒట్టి ఇనుమే. మీ ఊర్లో ఉంటే ఫోటో పెట్టండి, పక్క బావిలో ఇప్పుడు నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నయో కూడా రాయండి.