పాత యంత్రాలు – కొత్త మెరుగులు



పాత వస్తువు కనబడితే మన ఆడవాళ్ళ చెయ్యి ఊరుకోదు. ఇత్తడిదైతే చింతపండు వేసి తోముతాం. గిన్నె అయితే కళాయి పోయిస్తాం. నగ అయితే మెరుగు పెట్టిస్తాం, మరీ పాతదైతే చెరిపించి కొత్త మోస్తరుగా చేయిస్తాం. బంగారం ఎక్కడికీ పోదు, నిజమే. కాని అమ్మమ్మ మెళ్ళో వేసుకు తిరిగిన కాసులపేరు మాత్రం పోతుంది. తూకం మిగులుతుంది, ఆవిడ మిగలదు.

ఇవాళ నేను చెప్పబోయేది నగల గురించి కాదు, పాత యంత్రాల గురించి. “యంత్రాలతో మనకేం పనమ్మా?” అనకండి. వందేళ్ళనాటి ఇంజను చేతికొస్తే పెద్ద పెద్ద ఇంజనీర్లకు కూడా సరిగ్గా మన చిక్కే వస్తుంది. ఉన్నదున్నట్టు ఉంచడమా? బాగుచేసి నడిపించడమా? రంగులు వేసి ముస్తాబు చెయ్యడమా? ఈ మూడు దారులూ ఎక్కడికి తీసుకుపోతాయో చరిత్రలోంచే చూద్దాం.

మొదటిది, ఉన్నదున్నట్టు ఉంచడం. జేమ్స్ వాట్ పేరు మనం చిన్నతనంలో పాఠాల్లో చదువుకున్నదే. నిజానికి ఆవిరి యంత్రాన్ని ఆయన కనిపెట్టలేదు. అంతకుముందే న్యూకోమెన్ చేసిన యంత్రం ఉంది. అయితే దానికి బొగ్గు విపరీతంగా మింగే జబ్బు. వాట్ ఆ జబ్బు కుదిర్చాడు. అదీ ఆయన గొప్పతనం. వ్యాపారం నుంచి తప్పుకున్నాక ఆయన బర్మింగ్‌హాం దగ్గర హీత్‌ఫీల్డ్ అనే ఇంట్లో, అటక మీది గదిలో పనిముట్లు పెట్టుకుని, శిల్పాలకు నకళ్ళు తీసే యంత్రాలు తయారు చేస్తూ ఉండేవాడు. ఆయన రెండో భార్యకు శుభ్రం ఎక్కువట. ఆ మసి, ఆ రజను కిందికి దిగనిచ్చేది కాదట. అందుకని ఆయన వంట పెనం కూడా అటక మీదికే చేర్చుకున్నాడని చెబుతారు. పాపం, ఎవరి తిప్పలు వారివి!

1819లో వాట్ పోయాడు. గదికి తాళం పడింది. అప్పుడప్పుడు ఎవరో వచ్చి చూసి వెళ్ళడం తప్పించి, దాదాపు వందేళ్ళు ఆ గది అలాగే ఉంది. 1924లో ఆ గదిని తలుపూ, కిటికీ, నేల చెక్కలతో సహా ఊడదీసి లండన్ సైన్స్ మ్యూజియానికి తరలించారు. అందులో ఉన్న వస్తువులు లెక్కపెడితే ఎనిమిది వేలకు పైనే తేలాయి. 2011లో దాన్ని జనానికి చూపడానికి సిద్ధం చేస్తున్నప్పుడు ఒక విచిత్రం జరిగింది. అక్కడ పడి ఉన్న ఒక పాత మూసను స్కానింగ్ చేసి, అందులో పోత పోస్తే ఏ బొమ్మ వస్తుందా అని చూశారు. వచ్చింది ఎవరి బొమ్మనుకుంటున్నారు? జేమ్స్ వాట్‌దే! రెండు వందల ఏళ్ళుగా ఎవరికీ తెలియకుండా ఆయన ముఖం ఆ దుమ్ములోనే ఉంది. మనలాంటి ఇల్లాలు ఎవరైనా ఓ పండగ ముందు ఆ గది దులిపి, పనికిరాని మట్టి ముక్కలని అవతల పారేసి ఉంటే? చూశారూ, ఒక్కొక్కసారి దులపకపోవడం కూడా ఎంత మేలు చేస్తుందో!

రెండో కథ రాకెట్‌ది. అంటే ఆకాశంలోకి పోయేది కాదు, రైలింజను. 1829లో ఇంగ్లండులో రెయిన్‌హిల్ అనే చోట ఇంజన్ల పందెం పెట్టారు. 500 పౌన్ల బహుమతి. జార్జి స్టీవెన్సన్, ఆయన కొడుకు రాబర్ట్ తెచ్చిన రాకెట్ గెలిచింది. దాని రహస్యం మనకు ఇట్టే అర్థమవుతుంది. స్నానాల గదిలో నీళ్ళు కాచుకునే రాగి బాయిలరు గుర్తుందా? అడుగున నిప్పు, మధ్యలో ఒకే ఒక గొట్టం, చుట్టూ నీళ్ళు. అంతకుముందు చాలా ఇంజన్లూ దాదాపు ఇంతే. రాకెట్‌లో మాత్రం ఒక్క గొట్టానికి బదులు 25 సన్నని రాగి గొట్టాలు పెట్టారు. సెగ ఎక్కువ చోట్ల నీటికి తగిలింది, ఆవిరి జోరుగా పుట్టింది. తర్వాత వచ్చిన ఆవిరి రైలింజన్లు దాదాపు అన్నీ ఆ బాటలోనే నడిచాయి.

పందెంనాడు రాకెట్ పసుపుపచ్చ రంగులో, తెల్లని పొగగొట్టంతో పెళ్ళికూతురిలా ఉంది. మ్యూజియంలో ఉన్నది చూస్తే మాత్రం “ఇదేనా?” అంటారు. నల్లగా, బోసిగా, ఎన్నో భాగాలు ఊడిపోయి ఉంటుంది. ఏటవాలుగా ఉండాల్సిన సిలిండర్లు కిందికి వాలి ఉంటాయి. ఎందుకంటే అది పందెం గెలిచి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది. ఆ చాకిరీలోనే లోపాలు బయటపడి, మార్పులు జరిగాయి. సిలిండర్లు కిందికి దించింది కూడా అలాగే. 1862లో అది మ్యూజియానికి చేరింది. దానికి మళ్ళీ పసుపు రంగు కొట్టి, సిలిండర్లు పైకెత్తి, పందెంనాటి పెళ్ళికూతుర్ని చేసి ఉండవచ్చు. చెయ్యకపోవడమే మంచిదైంది. 1990ల చివర్లో నిపుణులు దాన్ని విప్పి ప్రతి ముక్కా పరిశీలిస్తే, ఏ భాగం ఎప్పుడు మారింది, ఎక్కడ అతుకు పడింది అన్నది ఆ ఇనుమే చెప్పింది. ముసలమ్మ ముఖంలో ముడతలు చదివినట్టన్నమాట.

మరి పందెంనాటి వేడుక చూడాలన్న ముచ్చట మాటేమిటి? దానికీ ఉపాయం ఆలోచించారు. 1979లో అచ్చం అలాంటిదే కొత్తది చేశారు. పసుపు రంగు, తెల్ల గొట్టం, అన్నీ దానికే. అది పొగ వదులుతూ పరుగెత్తింది, అసలుది ఉన్నచోటే ఉండిపోయింది. ఈ నకలు చేయించిన మైఖేల్ సాటో మనకు పరాయివాడు కాదు. ఆయన మన దేశంలో ఉద్యోగం చేసినప్పుడు మూలమూలలా పడి ఉన్న పాత ఇంజన్లను వెతికించి, ఢిల్లీ చాణక్యపురిలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియానికి చేర్చడంలో ఎంతో పాటుపడ్డాడు.

ఆ మ్యూజియం పేరు చెబితే గుర్తొచ్చేది ఫెయిరీ క్వీన్. మూడో కథ దానిదే. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారై ఆ ఏడే కలకత్తా చేరింది. మొదట దానికి పేరే లేదు, ఈస్టిండియన్ రైల్వేలో 22వ నెంబరు, అంతే. హౌరా, రాణీగంజ్‌ల మధ్య టపా రైళ్ళు లాగింది. 1857 తిరుగుబాటు రోజుల్లో సైనికుల బళ్ళు లాగింది. 1909లో పని చాలించాక హౌరా స్టేషను బయట నిలబడింది. 1943లో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు చేరింది, అక్కణ్ణుంచి ఢిల్లీకి.

1997లో దాన్ని బాగుచేసి మళ్ళీ పట్టాలెక్కించారు. 88 ఏళ్ళ తర్వాత! ఢిల్లీ నుంచి ఆళ్వారు దాకా ప్రయాణికులను లాగింది. 1998లో, ప్రపంచంలో పనిచేస్తున్న ఆవిరి రైలింజన్లన్నింటిలోకీ పాతదని గిన్నిస్ వారు సర్టిఫికెట్ ఇచ్చారు. తర్వాత 2011లో షెడ్డులో ఉండగానే దొంగలు దాని భాగాలెన్నో ఊడదీసుకుపోయారు. మద్రాసు పెరంబూరు వర్క్‌షాపులో మళ్ళీ చేయించి నిలబెట్టారు.

ఇక్కడే చిక్కు. పరుగెత్తించాలంటే మార్చక తప్పదు. రోజూ కాచే గిన్నెకు గార పట్టినట్టే బాయిలరుకూ పడుతుంది, రేకు అరుగుతుంది. ఆవిరి ఒత్తిడికి ఆగని రేకును నమ్మి మనుషుల్ని ఎక్కించలేం కదా! అలా ఒక్కొక్కటీ మారుస్తూ పోతే చివరికి 1855నాటిది ఎంత మిగులుతుంది? అదే నకలయితే ఆ బెంగ ఉండదు.

అలాగని నడిపించినవాళ్ళను నేను తప్పు పట్టను. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద మామూలు ఆవిరి రైళ్ళు 1995తో ఆగిపోయాయి. ఇంజనుతో పాటు దాన్ని నడిపే విద్య కూడా పోతుంది. బొగ్గు ఎప్పుడు ఎంత వెయ్యాలి, ఆవిరి చప్పుడు విని ఎక్కడ జబ్బో ఎలా పోల్చుకోవాలి, ఇవి పుస్తకంలో పట్టుబడవు. మన ఆవకాయ పాళ్ళలాగా చేతినుంచి చేతికి రావలసిందే. ఇంజను నడిస్తేనే ఆ చెయ్యి బతుకుతుంది. ఫెయిరీ క్వీన్ నడవబట్టి ఆ పని తెలిసినవాళ్ళకు మళ్ళీ పని దొరికింది, కుర్రాళ్ళకు చూసి నేర్చుకునే వీలు కలిగింది.

అందుచేత నాకు తోచిందిది. సాక్ష్యం చెదరకుండా మిగిలిన ఒకే ఒక్క వస్తువైతే జోలికి పోకూడదు. నడిపించాలన్న సరదా నకలుతో తీర్చుకోవాలి. బతికినన్నాళ్ళూ భాగాలు మార్చుకుంటూనే వచ్చిన ఇంజనైతే నడపవచ్చు. కాని మార్చిన ప్రతి ముక్కనూ దాచాలి. ఏ ఏడు ఏది మార్చారో రాసి పెట్టాలి. చెప్పి మార్చితే అది మరమ్మతు, చెప్పకుండా మార్చితే అది మోసం.

ఇక మూడో దారి, ముస్తాబు. దీన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. స్టేషన్ల ముందు దిమ్మల మీద నిలబెట్టిన ఇంజన్లకు పెద్దలెవరో వస్తున్నారంటే నిగనిగలాడే రంగు పూస్తారు. ఎన్నడూ దానికి లేని ఎరుపు, ఎన్నడూ లేని పసుపు. పాత పొరలు గీకి పారేస్తే అసలు రంగేమిటో తెలిసే దారి మూసుకుపోతుంది. కడ్డీల మీద కార్మికులు సుత్తితో కొట్టిన నెంబర్లు రంగు కింద పూడిపోతాయి. తుప్పు పట్టకుండా కాపాడటం వేరు, లేని సోకు పెట్టడం వేరు.

మనింట్లో కూడా పాత కుట్టుమిషనో, గోడ గడియారమో, గ్రామఫోనో ఉండే ఉంటుంది. మిషను మీది బంగారు తీగల బొమ్మలను గరుకు పీచుతో రుద్దకండి, ఒకసారి లేస్తే మళ్ళీ రావు. నూనె వెయ్యండి, మెత్తని గుడ్డతో తుడవండి. బెల్టు తెగితే కొత్తది వేసుకోండి, పాతది డ్రాయరులో పడి ఉండనివ్వండి. సింగర్ మిషనైతే దాని మీద అచ్చుకొట్టిన నెంబరును బట్టి ఏ కాలంలో తయారైందో తెలుసుకోవచ్చు. ఆ నెంబరూ, ఎవరు కొన్నారూ, ఎవరు కుట్టారూ అన్నది ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టండి. ఆ కాగితం ఖరీదు కాణీ ఉండదు. కాని రేపు మన మనవరాలు ఆ సొరుగు తెరిచిననాడు, మిషనుతో పాటు దాని ముందు కూర్చున్న మనిషి కూడా దొరుకుతుంది.