ఆండ్రోమెడాలో నల్ల చారలు

నేపర్‌విల్ నుంచి ఉత్తరంగా కారులో బయలుదేరితే ఇరవై నిమిషాల్లో వీటన్ వస్తుంది. మనవాళ్ళు ఆ ఊరి మీదుగా నిత్యం పోతూ వస్తూనే ఉంటారు. ఎడ్విన్ హబుల్ 1906లో హైస్కూలు చదువు ముగించింది అక్కడే. తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో చదివి, ఆ విశ్వవిద్యాలయానికే చెందిన యర్కీస్ వేధశాలలో మసక నీహారికలకు ఫొటోలు తీసి, 1917లో డాక్టరేటు పొందాడు.

హబుల్ అనగానే గుర్తుకొచ్చేది ఆండ్రోమెడా. శరదృతువులో ఊరి దీపాలకు దూరంగా పోయి చూస్తే, ఉత్తరాభాద్ర నక్షత్రాలకు ఉత్తరాన మబ్బుతునకలా మామూలు కంటికే కనిపిస్తుంది. 1923 అక్టోబరులో మౌంట్ విల్సన్ నూరంగుళాల టెలిస్కోపుతో తీసిన ప్లేటు మీద, వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ తార నొకదాన్ని అందులో పట్టుకున్నాడు. అటువంటి తారల కాలాన్ని బట్టి వాటి అసలు కాంతి తెలుస్తుందని 1912లోనే హెన్రియెట్టా లెవిట్ చూపించింది. (ఆవిడకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.) దూరం తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలని తేలింది. అంటే అది మన పాలపుంతలోది కాదు, వేరే గెలాక్సీ.

కాని ఆ లెక్కలో పెద్ద తప్పుంది. అది బయటపడిన తీరు కూడా చిత్రమే. ఆండ్రోమెడా నడిబొడ్డు నీలికాంతి ప్లేట్ల మీద ఎప్పుడూ ఒట్టి వెలుగు ముద్దగానే పడేది. రెండవ ప్రపంచ యుద్ధంలో హబుల్ సైన్యం పనిమీద మేరీలాండ్ వెళ్ళాడు. వాల్టర్ బాడే జర్మన్ జాతీయుడు గనుక ఆయనను ఆ పనులకు పిలవలేదు. పెద్ద టెలిస్కోపు ఆయన పాలబడింది. పైగా యుద్ధభయంతో లాస్ ఏంజలస్ దీపాలు ఆర్పితే ఆకాశం నల్లబడింది. బాడే ఎరుపుకాంతిని పట్టే ప్లేట్లు వాడాడు. ముద్ద కాస్తా వేలాది ఎర్ర తారలుగా విడిపోయింది! 1944లో ఆ సంగతి ప్రకటించాడు. తారలు రెండు తెగలని, సెఫీడ్లూ రెండు రకాలని తేలి, 1952లో దూరాలన్నీ రెట్టింపు చేయవలసి వచ్చింది. నేటి లెక్క సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

ఎరుపుకు అవతలిది పరారుణం. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు దాటాక ఏ వెలుగూ లేనిచోట థర్మామీటరు ఉంచితే అక్కడా వేడి తెలిసింది. పొయ్యి మీంచి దింపిన పెనం చీకట్లో కనిపించదు, చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది. ఇదీ అంతే. ఆండ్రోమెడా ఫొటోల్లో కనిపించే నల్ల చారలు దుమ్ము. ఆ దుమ్ము తారల వెలుగును మింగి, కొంచెం వెచ్చబడి, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. వాటిని చాలావరకు మన గాలిలోని నీటి ఆవిరి అడ్డుకుంటుంది. 1983లో ఐరాస్ ఉపగ్రహం ఆ గాలి పైకి వెళ్ళి చూసేసరికి, నల్ల చారలున్న చోటే ఉంగరం వెలిగింది.

ఈ బొమ్మల్లో రంగులు తరువాత అద్దినవే గదా, మోసం కాదా అనేవాళ్ళున్నారు. హబుల్ ప్లేట్లలో మాత్రం రంగులెక్కడివి?

2003లో ఎగిరిన స్పిట్జర్ టెలిస్కోపు చూపిన ఉంగరం మధ్యకు సరిగా లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. ఒకచోట చీలి కూడా ఉంది. పక్కనున్న ఎం32 అనే చిన్న గెలాక్సీ కొన్ని కోట్ల ఏళ్ళ కిందట ఆండ్రోమెడాలోంచి దూసుకుపోయి ఉంటుందని 2006లో కొందరు శాస్త్రజ్ఞులు రాశారు.