మైనస్ 40లో వ్యాన్ స్టార్ట్ చేయడం ఎలా? ‘బుహాంకా’ నేర్పిన చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక పాత వ్యాన్ ఉంది, ఎముకలు కొరికే చలి ఉంది, తెల్లారకముందే ఆ బండి తీయాల్సిన డ్రైవర్ ఉన్నాడు.

బండి పేరు యూఏజెడ్-452. సోవియట్ యూనియన్‌లో వోల్గా ఒడ్డున ఉన్న ఉల్యానోవ్‌స్క్ ఫ్యాక్టరీలో 1965లో దీని తయారీ మొదలైంది. చూడ్డానికి కొయ్యని బ్రెడ్డులా ఉంటుందని జనం ‘బుహాంకా’ అని పేరు పెట్టారు. అంబులెన్స్ మోడల్‌కి ఇంకో ముద్దుపేరు ‘తబ్లెత్కా’, అంటే మందుబిళ్ల. సరైన రోడ్లు లేని ఊళ్లకి డాక్టర్లని తీసుకెళ్లింది ఇదే. కాబట్టి పొద్దున బండి కదలకపోతే డ్యూటీకి లేటవడంతో పోదు, ఎక్కడో ఒక రోగి ఎదురుచూస్తూ ఉండిపోతాడు.

సైబీరియాలో యాకూత్‌స్క్ అనే నగరం ఉంది. జనవరిలో అక్కడ సగటు ఉష్ణోగ్రతే మైనస్ 40 దగ్గర ఉంటుంది. ఆ చలిలో రాత్రంతా బయట ఉన్న బండికి మూడు జరుగుతాయి. ఆయిల్ ముదురు పాకంలా చిక్కబడుతుంది. బ్యాటరీ బలం సగానికి పైగా పడిపోతుంది. పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, ఆవిరి కాని పెట్రోల్ మండదు. అంటే ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సిన రోజే మన దగ్గర తక్కువ బలం ఉంటుందన్నమాట.

అందుకే వచ్చింది చోక్. పాత మారుతీ వ్యాన్ నడిపినవాళ్లని అడగండి, ఆ నాబ్ గురించి చెప్తారు. చోక్ లాగితే కార్బురేటర్‌లోకి గాలి తగ్గి, పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి. ఆవిరైన ఆ కొంచెంతోనే ఇంజిన్ అందుకుంటుంది.

బుహాంకా కాలం డ్రైవర్లు అక్కడితో ఆగలేదు. రేడియేటర్‌లో నీళ్లు వాడే రోజుల్లో రాత్రి వాటిని వదిలేసి, పొద్దున వేడినీళ్లు పోసేవాళ్లు. కొందరు ఆయిల్ చాంబర్ కింద బ్లో ల్యాంప్ పెట్టేవాళ్లు. అది నిప్పుతో చెలగాటమే, పక్కనే పెట్రోల్ పైపు ఉంటుంది మరి! స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ తొక్కి పట్టేవాళ్లు. ఎందుకంటే గేర్‌బాక్స్‌లో గడ్డకట్టిన ఆయిల్ బరువు స్టార్టర్ మీద పడకూడదు. ఇంజిన్ అందుకున్నాక క్లచ్ మెల్లగా వదలాలి. రేడియేటర్ ముందున్న రెక్కలు మూస్తే చల్లగాలి ఆగి, ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ‘ఎంతసేపు వేడిచేస్తే అంత మంచిది’ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చోక్ లాగి అలాగే వదిలేస్తే మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది. కిందికి జారి ఆయిల్‌నే పల్చన చేస్తుంది. బండి బాగుండాలని చేసిన పనే బండిని అరగదీస్తుంది. పైగా నిలబెట్టి ఎంతసేపు ఉంచినా యాక్సిల్, బేరింగులు, టైర్లు వేడెక్కవు. అవి కదిలితేనే వేడెక్కుతాయి.

అందుకే తెలిసిన డ్రైవర్ పద్ధతి ఇది: స్టార్ట్ కాగానే రేస్ చేయడు. ఆయిల్ ప్రెషర్ చూస్తాడు. ఇంజిన్ శబ్దం కుదురుకునే కొద్దీ చోక్ లోపలికి నెడతాడు. యాక్సిలరేటర్ తాకితే ఇంజిన్ ఆగిపోకుండా అందుకుంటోంది అనగానే బయల్దేరతాడు. మొదటి కిలోమీటరు చిన్న గేర్‌లో, నెమ్మదిగా.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఉంచొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. బుహాంకాలోనూ, మన మారుతీ వ్యాన్‌లోనూ ఇంజిన్ ఉండేది మనుషులు కూర్చునే చోటే. సైలెన్సర్ పైపు లీకైతే ఆ గ్యాస్ నేరుగా లోపలికే వస్తుంది.

తర్వాత ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చోక్ చేసే పని కంప్యూటర్ తీసుకుంది, నాబ్ మాయమైంది. కానీ చల్లటి ఆయిల్ ఇప్పటికీ చల్లటి ఆయిలే. మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడపాలన్న పాత పాఠం కొత్త బండికీ వర్తిస్తుంది.

మీ నాన్నగారో, తాతయ్యో చోక్ ఉన్న బండి నడిపి ఉంటే, ఎలా స్టార్ట్ చేసేవాళ్లో అడిగి చూడండి. అదీ చరిత్రే. మళ్లీ కలుద్దాం.