పిడికిట్లో ఇమిడే కర్ర: యవారా, కుబోటన్

పిడికిట్లో పట్టుకుంటే రెండు వైపులా కాస్త బయటికి కనిపించే పొట్టి కర్రను జపాన్ యుద్ధకళల్లో యవారా అంటారు. ఇదే కోవలో కరాటే గురువు తకయుకి కుబోటా 1970లలో కుబోటన్ తయారుచేసి, లాస్ ఏంజెల్స్ మహిళా పోలీసులకు నేర్పారు. తాళాల గుత్తికి తగిలించుకునే ఈ కుబోటన్ పొడవు సుమారు 14 సెంటీమీటర్లు, మందం ఒకటిన్నర. అది గట్టి ప్లాస్టిక్‌ది. చెక్కతో చేయిస్తే కొంచెం లావుగా ఉండటమే మేలు, సన్నగా ఉంటే విరుగుతుంది.

పొడవు ఎవరి అరచేతిని బట్టి వాళ్లకే. పన్నెండేళ్ల అమ్మాయికి నాన్న చేతి కొలత పనికిరాదు. జపాన్‌లో ఓక్ కర్ర వాడతారు. మన దగ్గరైతే గొడ్డలి కామాలకు వాడే తుమ్మ బాగుంటుంది. కర్ర బాగా ఆరి ఉండాలి, చారలు ఈ చివర నుంచి ఆ చివరకు నిటారుగా సాగాలి, ముడి ఉంటే పక్కన పెట్టేయాలి. వడ్రంగి లేత్ మీద తిప్పాక గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టిస్తే చాలు. వార్నిష్ వేస్తే చెమట చేతిలో జారుతుంది. చివరలు గుండ్రంగానే ఉంచాలి. మొన తీస్తే సాధనలో తోటి పిల్లలకే గుచ్చుకుంటుంది.

బ్యాగులో పడేసుకుంటే ధైర్యం వస్తుందనుకోవడం పొరపాటు. పట్టు విడిపించుకోవడం గురువు దగ్గర నేర్చుకున్నాకే ఇది పనికొస్తుంది. అమెరికా విమానాల్లో చేతిసంచిలో కుబోటన్‌ను అనుమతించరు, పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు తాళాల గుత్తి నుంచి ముందే తీసేయాలి.